అబ్బులుగారు ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నారు?

నమోదు 1
సముద్రం పోటు ఉదయం 7:40. గాలి దక్షిణం నించి. సాక్షి ఆరోగ్యం బాగుంది. వినయం ఉన్నంతలో ఉంది.

పితాని లహరి అను నేను, ఇరవై నాలుగేళ్ళదాన్ని, రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నదాన్ని, నీళ్ళ మీద స్తంభాలెత్తి కట్టిన మంచెల్లో మూడోదాని నివాసిని, ఈ రోజు నించి సంప్రదింపు సాక్షిగా చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు నా చేత్తో రాస్తానని రేవులో గుమాస్తా ఎదుట, ఒక పిల్లి సమక్షంలో ప్రమాణం చేశాను. పిల్లి మాత్రమే చివరిదాకా విన్నది.

మొదటి పేజీలో చట్టం ఎత్తిరాయాలట. రాస్తున్నాను. ఇతరుల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే ప్రతి సంప్రదింపుదారు పక్కనా ఒక సాక్షి కూర్చోవాలి. ఏం రాయాలో సాక్షికి సంప్రదింపుదారు చెప్పకూడదు. చెబితే అతని పేరు జాబితాలోంచి తీసేస్తారు, అతను తెచ్చిన అర్జీలన్నీ రద్దవుతాయి. ప్రతి నమోదు కిందా 'సాక్షి అభిప్రాయం' అనే గడి నింపాలి. కాగితం సాయంత్రం ఆరింటిలోగా రేవులో ఇనప పెట్టెలో పడాలి. చట్టం సమాప్తం.

నాకు ముందు ఎనిమిదేళ్ళు ఈ కుర్చీలో కూర్చున్న గంగరాజుగారు ఇవాళ కలం అప్పగించి వెళ్ళిపోయారు.

"ఇదంతా ఎవరు చదువుతారండీ?" అని అడిగాను.

"ఎనిమిదేళ్ళు రాశానమ్మా. ఇదేంటని అడిగినోడు లేడు. రాయి, పెట్టెలో పడెయ్యి, ఇంటికెళ్ళి అన్నం తిను."

కాలేజీలో నేను రాసినవి చదివి పరువు తీసినవాళ్ళే గాని చదవకుండా వదిలేసినవాళ్ళు లేరు. ఎవరూ చదవని ఉద్యోగం దొరకడం నా సాహిత్య జీవితంలో గొప్ప మలుపు.

ఇక నేను సాక్షిగా ఉండవలసిన మనిషి. చింతలూరి అబ్బులుగారు, డెబ్బై రెండేళ్ళు. మూడుసార్లు శాసనసభ్యులు. పదకొండు నెలలు రేవులు, పంట్ల శాఖ మంత్రి. నాలుగు పార్టీలు మారారు. ఆయన మాటల్లో అయితే, ఆయన కదలకుండా కూర్చున్నారు, పార్టీలే అటూ ఇటూ జరిగాయి. శాసనసభ మూసేసి, నిర్ణయాలన్నీ నిర్ణాయకం అనే యంత్రానికి అప్పజెప్పాక, మిగతా మాజీలంతా మెరక ప్రాంతాలకి పోయి మనవల్ని ఆడించుకుంటుంటే, ఈయన మాత్రం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని ఇంకా దర్బారు నడుపుతున్నారు. యంత్రంతో పలుకుబడి ఉన్న మనిషి! నేనైతే మా ఇంట్లో మిక్సీతో కూడా అంత చనువు సంపాదించలేకపోయాను.

సాక్షి అభిప్రాయం: చొక్కా చాలా తెల్లగా ఉంది. అనుమానించదగినంత.


నమోదు 4
పోటు 9:55. మబ్బు.

దర్బారు ఉదయం ఏడున్నరకి, రెండో మంచె మీద ఆయన ఇంటి వరండాలో. నా కుర్చీ ఆయనకి ఎడమపక్క, చేయి చాపితే తగిలేంత దూరంలో. ఇవాళ పదకొండుమంది వచ్చారు. వాళ్ళలో ఒకాయన పేరు సూరిబాబు. రేషను జాబితాలో ఆయన భార్య చనిపోయినట్టు పడింది. ఆవిడే పక్కన నిలబడి, "నేను పోలేదండి, ఆయ్," అని చెప్పుకుంటోంది.

"నువ్వెక్కడికి పోతావే వజ్రం! మీ చెల్లెలు కాలు ఎలా ఉంది? కట్టు విప్పారా?" అన్నారు అబ్బులుగారు. ఆవిడ ఆనందం చూడాలి. చనిపోయిన మనిషికి అంత మర్యాద.

తర్వాత ఆయన జేబులోంచి ఫోను తీశారు. నల్లది, బొత్తాలున్నది, పురావస్తు శాఖవారికి పనికొచ్చేది. చెవికి ఆనించుకుని లేచి నిలబడ్డారు. 

"నమస్కారమండి. చింతలూరి అబ్బుల్నండి. ఆయ్. నాలుగో మంచె, పదిహేడో ఇల్లు, సూరిబాబు భార్య వజ్రమండి. బతికే ఉందండి. నా ఎదురుగా ఉంది. జాబితాలో తప్పు పడింది. కాస్త చూడాలి."

చిన్నపిల్లలకి డిక్టేషను చెప్పినంత నెమ్మదిగా చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఆగి నా కలం వైపు చూశారు. నేను రాయడం ఆపానా లేదా అని కాబోలు. నా మీద నిఘా అన్నమాట. ఆ తర్వాత "మంచిదండి" అని ఫోను జేబులో పెట్టుకుని, "అయిపోయినట్టే," అన్నారు.

అవతలి మనిషి గొంతు నాకు ఒక్క ముక్క వినిపించలేదు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. పక్కింటివాళ్ళని అడగండి.

చివరగా తాయారమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పదకొండో మంచెలో వలలు బాగుచేస్తుంది. అక్కడివాళ్ళందరి తరఫునా ఆవిడే తిరుగుతుంది. చేతిలో స్టీలు క్యారేజీ. టిఫిను తెచ్చిందనుకుని నేను కొంచెం ముందుకి జరిగాను. ఆవిడ మూత తీసి బల్ల మీద బోర్లించింది. సిమెంటు పెళ్ళ, తడి మట్టి, ఒక నత్త.

"ఇదిగోనండి మా కరకట్ట. పొద్దున్న సేతికొచ్చింది. సముద్రం ఇంకెంత దూరమో మీరే సూస్కోండి."

విషయం ఏమిటంటే, తుపానుల కాలానికి నెలరోజులే ఉంది. పద్నాలుగు మంచెల్లో మూడింటి కరకట్టలే ఈ ఏడు బాగుచేస్తారు. ఆ మూడు ఏవో నెలాఖరుకి నిర్ణాయకం తేలుస్తుంది. పదకొండో మంచె ఇప్పుడు నాలుగో స్థానంలో ఉంది. ఒక్క మెట్టు ఎక్కితే కట్ట నిలుస్తుంది. ఎక్కకపోతే ఆ మంచెని వదిలేసి, జనాన్ని మెరక శిబిరాలకి తోలుతారు.

అబ్బులుగారు మళ్ళీ లేచి, ఫోను తీసి, మళ్ళీ అదే డిక్టేషను.

"పదకొండో మంచె విషయమండి. ఇళ్ళు రెండువందల పన్నెండు. సముద్రం వైపు కట్ట, మూడో తూముకి ఎడంపక్క. బీట మోచెయ్యి లోతుందండి. మోచెయ్యి. తాయారమ్మగారు స్వయంగా వచ్చి పెళ్ళ చూపించారు."

సాక్షి అభిప్రాయం: నటన బాగుంది. అవతలివైపు పాత్రధారి మాత్రం మరీ మౌనంగా ఉన్నాడు. నత్త పాత్ర సహజంగా ఉంది.


నమోదు 9
పోటు మధ్యాహ్నం 1:30. ఎండ.

పరిశోధన అనే పదానికి మా ప్రొఫెసరుగారు ఇచ్చిన నిర్వచనం, ఇతరులు స్నానానికి వెళ్ళినప్పుడు వాళ్ళ బల్ల మీద ఉన్నవాటిని పరిశీలించడం కాదు. అయినా చేశాను. సాక్షిగా నా ధర్మం.

అబ్బులుగారి ఫోను వెనక మూత తీస్తే, బ్యాటరీ ఉండవలసిన చోట మడిచిన అట్టముక్క ఉంది. బరువు సరిపోవడానికి కాబోలు, అట్టలో రెండు మేకులు.

మూత పెట్టేసి, నా కుర్చీలో కూర్చుని, ముఖం ఉపవాసం ఉన్నదానిలా పెట్టుకున్నాను. ఆయన తడిజుట్టు తుడుచుకుంటూ వచ్చి, ఫోను తీసి జేబులో వేసుకుని, "ఏం లహరమ్మా, ఎండగా ఉందా?" అన్నారు. ఉందన్నాను. అంతకుమించి మాట్లాడితే నవ్వొచ్చేలా ఉంది.

మూడుసార్లు శాసనసభ్యుడు, పదకొండు నెలల మంత్రి, అట్టముక్కకి నమస్కారం పెట్టి ఆరోగ్యం అడుగుతున్నాడు. దాని ముందు రెండువందల పన్నెండు ఇళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాయి.

ఒకటే చిక్కు. వజ్రంగారు బతికారు. ఈ ఉదయం వచ్చిన కొత్త రేషను జాబితాలో ఆవిడ పేరు ఉంది. మరి ఆ పని ఎవరు చేశారు? అట్టముక్క చేయదు కదా. ఈయనకి ఇంకో దారి ఏదో ఉంది. ఆ దారి మాకు కనపడకుండా ఫోను అడ్డం పెట్టుకుంటున్నారని నా సిద్ధాంతం.

సాక్షి అభిప్రాయం: ఈయన చెప్పేది ఒక్కటీ నమ్మదగినట్టు లేదు. ఫోనులో అట్టముక్క. ప్రభుత్వంలో ఏముందో మూత తీసి చూస్తే గాని చెప్పలేను.


నమోదు 12
పోటు 3:50. చెదురు జల్లులు.

సిద్ధాంతానికి ఆధారం దొరికింది. పేరు రుత్విక్. నీలిపంట అనే రొయ్యల కంపెనీలో పెద్ద ఉద్యోగి. కళ్ళకి నల్లద్దాలు, పాదాలకి ఇంకా నల్లటి బూట్లు. స్పీడు పడవలో వచ్చాడు. చేతిలో ఐసు పెట్టె. మంచె ఒకటి ఖాళీ అయితే దాని కింద నీళ్ళలో రొయ్యలు పెంచేది నీలిపంటే. అంచేత పదకొండో మంచెకి సంబంధించిన అర్జీలు తీసుకున్న మనిషి ఇంటికి అతను ఎందుకు వచ్చాడో గ్రహించడానికి ఎం.ఏ. అవసరం లేదు.

నేను కలం తీయగానే అబ్బులుగారు చెయ్యెత్తారు.

"నువ్విక్కడే కూచో తల్లీ. ఈయన గవర్నమెంటు కాదు. గవర్నమెంటు కాని వాళ్ళతో మాట్లాడ్డానికి సాక్షి అక్కర్లేదు."

చట్టప్రకారం నిజమే. చట్టం ఎప్పుడూ ఇలాంటివాళ్ళకే కంఠస్థం వస్తుంది. ఇద్దరూ రేవు చివరికి నడిచారు. నేను వరండా స్తంభం చాటు నించి, ధర్మబద్ధంగా, చూశాను. అబ్బులుగారు ఏదో అడుగుతున్నారు. రుత్విక్ తల అడ్డంగా ఊపుతున్నాడు. అబ్బులుగారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. అతను నవ్వి, ఐసు పెట్టె ఆయన చేతుల్లో పెట్టి పడవెక్కాడు.

మధ్యాహ్నం రొయ్యల ఇగురు. నాకూ వడ్డించారు. ఆధారాన్ని నాశనం చేయకూడదని తెలుసు. అయినా తిన్నాను. రెండోసారి కూడా.

సాక్షి అభిప్రాయం: పదకొండో మంచె అర్జీ మీద సంప్రదింపుదారుకి శ్రద్ధ ఉందని చెప్పలేను. రొయ్యల మీద ఉంది. మంచెడు మనుషుల్ని అమ్మేస్తే ఎన్ని రొయ్యలొస్తాయో లెక్క తేలాల్సి ఉంది.


నమోదు 16
పోటు 7:05. గాలి పెరిగింది.

రేవులో పట్టిక అంటించారు. పదకొండో మంచె నాలుగు నించి తొమ్మిదికి పడింది.

అబ్బులుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. తర్వాత నా వైపు తిరిగారు. కోపం కాదు. సభలో ఓటింగు అయ్యాక, మనవాడే అటు వేశాడని తెలిసినప్పుడు చూస్తారే, అలాంటి చూపు. తప్పుచేసినవాళ్ళు ఎదుటివాళ్ళని అలా చూస్తారని నేను నిర్ధారించుకున్నాను.

తిరిగి వస్తుంటే పంటు పడవ మీద తాయారమ్మ నా పక్కన కూర్చుంది.  తర్వాత తన ఇంటి గురించి చెప్పింది. కట్టకి పదహారు అడుగులట. పోటు పెద్దదైనప్పుడు గోడ అవతల నీళ్ళు మూలుగుతున్నట్టు వినిపిస్తాయట.

"శిబిరంలో నీళ్ళుండవంటమ్మా. వలలు బాగుసేసుకునేదాన్ని, కొండ మీదికెళ్ళి ఏం సేసుకోను? కొంగు బాగుసేసుకోనా?"

నవ్వాలో వద్దో తెలియలేదు. అప్పుడు నోరు జారాను. జారడం కాదు, తలుపు తెరిచి పంపించాను. ఫోనులో బ్యాటరీ లేదని చెప్పేశాను. రొయ్యల సంగతీ చెప్పాను, ఇగురు మినహాయించి.

ఆవిడ క్యారేజీ మూత బిగించింది.

సాక్షి అభిప్రాయం: రేపు దర్బారు రసవత్తరంగా ఉండే సూచనలు.


నమోదు 17
పోటు 8:15.

ఉదయం ఏడు. పదకొండో మంచె నించి నాలుగు పడవల్లో జనం వచ్చారు. వరండా చాలక మెట్ల మీద కూర్చున్నారు. తాయారమ్మ నేరుగా వచ్చి చెయ్యి చాపింది.

"ఆ ఫోను ఇలా ఇవ్వండి అబ్బులుగారూ."

ఆయన ఇచ్చారు. వెంటనే, ఏమీ అడగకుండా. అది నేను ఊహించలేదు. ఆవిడ మూత ఊడబీకి, అట్టముక్క పైకెత్తి అందరికీ చూపించింది.

"ఏంటండీ ఇది? మా కట్ట గురించి మీరు సెప్పుకుంది దీంతోనా?"

"బ్యాటరీ లేదు తాయారమ్మగారూ. ఆరేళ్ళ నించీ లేదు."

"మూడుసార్లు ఓటేశామండి మీకు!" మెట్ల మీంచి ఎవరో అరిచారు. "రొయ్యలకి అమ్ముడుపోయాడ్రా!" అని ఇంకొకరు.

అబ్బులుగారు కూర్చున్నారు. ఆయన కూర్చుని మాట్లాడటం నేను మొదటిసారి చూశాను.

"సభ మూసేసిన కొత్తలో నేనూ రాజధాని వెళ్ళానండి. నలభయ్యేళ్ళు తిరిగిన వరండాలు. ఏ తలుపు దగ్గర ఎన్నింటికి నిలబడితే ఎవరు బయటికొస్తారో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. తలుపులున్నాయి. మనుషుల్లేరు. ఆ యంత్రానికి కూతురి పెళ్ళి లేదు, మోకాళ్ళ నొప్పి లేదు, సొంతూరు లేదు. ఎటునించి పలకరించాలో తెలీలా. ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరితో మాట్లాడతన్నారు?"

ఆయన కండువా కొసతో నన్ను చూపించారు.

"ఈ అమ్మాయితో."

వరండాలో ఉన్నవాళ్ళంతా నన్ను చూశారు. నేనూ నన్ను చూసుకున్నాను.

"ఆ యంత్రం మన గురించి చదివేది ఈ సాక్షి కాగితం ఒక్కటేనండి. నాకెవరూ చెప్పలా. గంగరాజు రాసింది అవుతంది, రాయంది అవట్లా. రెండేళ్ళకి అర్థమైంది. సాక్షికి ఏం రాయాలో చెప్తే నా పేరు తీసేస్తారు. నా పేరుదేముంది, మీ అర్జీ పోద్ది. అందుకని ఫోనుకి చెప్తన్నట్టు నెమ్మదిగా, పైకి చెప్పేవాణ్ణి. గంగరాజు చక్కగా రాసుకునేవాడు. ఈ అమ్మాయీ రాసుకుంది. కాకపోతే..."

 పట్టిక చూసినప్పటి చూపే మళ్ళీ.

"రొయ్యలో?" అన్నాను. 

"ప్రతి కట్టకీ కొలతలు తీసిన కాగితాలు ఆ కంపెనీ దగ్గరున్నాయమ్మా. అవి ఇమ్మని అడిగా. కాళ్ళు తప్ప అన్నీ పట్టుకున్నా. రొయ్యలిచ్చాడు."

తాయారమ్మకి అందరికంటే ముందు అర్థమైంది. "ఉండండుండండి. ఇప్పుడీ పిల్లతో సెప్పేశారుగా. ఇదంతా ఈ పిల్ల రాసేత్తే?"

"నా పేరు పోద్ది. దాంతో మీ అర్జీ కూడా. ఎలాగూ తొమ్మిదిలో ఉంది కదాని నోరు విప్పా."

ఇంతమంది ఒకేసారి ఒక కలం వైపు చూడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఇవ్వాళ కడుపునొప్పని రాసి పడెయ్యమ్మా," అంది తాయారమ్మ. అబ్బులుగారు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. చట్టం కంఠస్థం వచ్చిన మనిషి.

మధ్యాహ్నం రెండు. ఇంటికి వచ్చి కార్బను కాపీలన్నీ నేల మీద పరిచాను. నేను చేరాక ముప్ఫై ఎనిమిది అర్జీలు వచ్చాయి. ఐదు అయ్యాయి. ఆ ఐదింటి అభిప్రాయం గడులూ చూశాను. వజ్రంగారి సంగతి: ఆ నమోదులో నేను ఎగతాళి చేసింది ఫోనునే, ఆవిడ బతికే ఉండటాన్ని కాదు. 'ఆవిడే పక్కన నిలబడి' అని మామూలుగా రాశాను. మిగతా నాలుగూ ఒకే రోజువి. ఆ రోజు నాకు పన్నునొప్పి. హాస్యానికి ఓపిక లేక గడిలో 'చూశాను' అని మాత్రం రాసి వదిలేశాను. తీరని ముప్ఫై మూడింటి కిందా ఒక్కో చమత్కారం ఉంది. కొన్ని బాగున్నాయి కూడా.

పదకొండో మంచె అర్జీ కింద, ప్రమాణం చేసిన చేత్తో, 'నటన', 'నమ్మదగినట్టు లేదు', 'శ్రద్ధ ఉందని చెప్పలేను' అని రాసింది నేను. చదివేవాళ్ళు లేరనుకుని.

మూడున్నర. అబ్బులుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుని రేవులో నిలబడి ఉన్నారు.  పడవవాడితో, "పదకొండుకి పోనీ," అన్నారంతే. నేను ఎక్కాను. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆయన ఏదైనా అంటే రాయాల్సి వస్తుందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

నాలుగూ ఇరవై. చూసింది రాస్తున్నాను. పదకొండో మంచె సముద్రం వైపు కట్ట. మూడో తూముకి ఎడంపక్క బీట. పొడవు నా అడుగుల్లో పద్నాలుగు. నా కుడిచేయి లోపల పెట్టాను. మోచెయ్యి దాటింది. భుజం దాకా వెళ్ళింది. వేళ్ళ చివర నీళ్ళు తగిలాయి, ఉప్పగా ఉన్నాయి. పోటుకి ఇంకా నాలుగు గంటలుంది, ఇది నీళ్ళు దిగి ఉన్నప్పటి సంగతి.

"మీరు మోచెయ్యి అన్నారు కదండీ?" అని అడిగాను.

"అది పదమూడు రోజుల కిందటి లోతమ్మా."

నేను అనుమానించిన ఇన్నాళ్ళూ ఆయన చెప్పింది తక్కువే. ఎక్కువ చేసి చెప్తారనే నేను ఎదురు చూస్తూ కూర్చున్నాను.

ఇళ్ళు లెక్కపెట్టాను. రెండువందల పన్నెండు. తాయారమ్మ గోడ నించి కట్టకి పదహారు అడుగులు, నా పాదంతో కొలిస్తే పదిహేడు. నా పాదం చిన్నది.

ఐదూ ముప్పావు. కడుపునొప్పి అని రాస్తే అర్జీ తొమ్మిదో స్థానంలో బతికి ఉంటుంది, నా అభిప్రాయాలతో సహా. ఇదంతా రాస్తే అర్జీ చచ్చిపోతుంది, అబ్బులుగారి పేరు పోతుంది. కానీ బీట నేను కళ్ళతో చూసింది, అది ఎవరి అర్జీ కాదు. ఆయన నాతో అన్నమాట దాచి, బీట ఒక్కటీ రాస్తే, చదివేది యంత్రమైనా నన్నెందుకు నమ్మాలి? ఇంతవరకూ నమ్మదగింది ఏం రాశానని?

రెండూ రాశాను. పెట్టె దగ్గర అబ్బులుగారు ఉన్నారు. కాగితం మడత చూశారు. ఒక పేజీ కాదు, నాలుగు పేజీలని ఆయనకి తెలిసింది. పెట్టె మూత బిగుసుకుపోతే ఆయనే ఎత్తి పట్టుకుని ఉన్నారు, ఈ చివరి ముక్కలు పెట్టె మీద ఆనించి రాస్తున్నాను.

సాక్షి అభిప్రాయం: చూశాను. 4, 9, 12 నమోదుల్లో నేను రాసిన అభిప్రాయాలు చూసి రాసినవి కావు.


నమోదు 18
పోటు 9:00.

పెట్టెలో నా పేరు మీద రెండు కాగితాలు వచ్చాయి. ఎనిమిదేళ్ళలో మొదటిసారని గంగరాజుగారు అన్నారు. ఆయన్ని పనిగట్టుకుని పిలిపించారు, చూడ్డానికి.

మొదటిది: చింతలూరి అబ్బులు పేరు సంప్రదింపుదారుల జాబితా నించి తొలగించడమైనది. ఆయన తెచ్చిన అర్జీలు రద్దు. ప్రభుత్వ ప్రతినిధి ఎవరితోనూ ఇతరుల తరఫున ఆయన మాట్లాడరాదు. సాక్షి ముగింపు నమోదు ఒకటి రాసి కలం అప్పగించవలెను.

రెండోది: సాక్షి స్వయంగా చూసిన పగులు. మనిషి వెళ్ళి చూడవలెను.

కారణం రాయలేదు. ఇందులో కూడా ఏదో మెలిక ఉందని నాకు అనుమానం. ఎంత ప్రయత్నించినా ఈ గుణం పోయేలా లేదు. కానీ 'మనిషి' అన్న మాట దగ్గర అబ్బులుగారు వేలు పెట్టి, రెండుసార్లు చదివారు. మొదటి కాగితాన్ని మడిచి జేబులో వేసుకున్నారు.

"మూడుసార్లు గెలిచానమ్మా," అన్నారు. "ఒకసారి ఓడిపోయా కూడా. అలవాటే."


ముగింపు నమోదు
పోటు 10:20. గాలి ఆగ్నేయం. సముద్రం పొంగి ఉంది.

కరకట్టల ఇంజనీరు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఒళ్ళంతా చెమట, పడవ ప్రయాణానికి ముఖం పాలిపోయింది. పదకొండో మంచె రేవులో జనం మొత్తం నిలబడ్డారు. ప్రభుత్వానికి కడుపులో తిప్పడం చూసి వాళ్ళకి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఎవరో నిమ్మకాయ తెచ్చిచ్చారు.

"ఈ మంచె తరఫున ఎవరు మాట్లాడతారు?" అన్నాడు ఇంజనీరు.

అలవాటు కొద్దీ అందరూ వెనక్కి తిరిగి అబ్బులుగారిని చూశారు. ఆయన జనం చివర నిలబడి ఉన్నారు.  ఆ కట్ట ఏ ఏడు వేశారో, ఎవరు వేశారో, ఏ తూముకి ఎన్ని రాళ్ళు పట్టాయో ఆయనకి తెలుసు. ఆయన వంగి చెప్పు పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టారు. పట్టీ ఊడలేదు. నేను చూశాను.

తాయారమ్మ ముందుకి వచ్చింది.

"తరఫున ఎవరూ లేరండి. నా ఇల్లు అదిగో. రండి, సూపిత్తాను."

కట్ట దగ్గర ఇంజనీరు చొక్కా చెయ్యి మడిచి బీటలో పెట్టాడు. భుజం దాకా పోయింది. అతని ముఖంలో వికారం పోయి ఇంకోటి వచ్చింది. చెయ్యి బయటికి తీసి, తడి వేళ్ళు నాలిక మీద పెట్టుకున్నాడు. తర్వాత పక్కనున్న గుమాస్తాతో, "రేపు ఏడో మంచెకి వెళ్ళే రాళ్ళ పడవలు ముందు ఇటు తిప్పు," అన్నాడు. ఆ ఒక్క ముక్కకి వెనక నించి ఒక ముసలాయన ఏడవటం మొదలుపెట్టాడు.

ఇంజనీరు తాయారమ్మ వైపు తిరిగాడు. కసురుకున్నాడు నిజానికి.

"ఇంత బీట పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా? మాకెలా తెలుస్తుంది?"

తాయారమ్మ నోరు తెరిచింది. నా వైపు చూసింది. నేను ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను, చేతిలో కలంతో. ఆవిడ నోరు ఎలాంటిదో నాకు తెలుసు. 

"సెప్పామండి," అంది ఇంజనీరుతో. "మాకే సరిగ్గా సెప్పడం సేతకాలేదు."

అలా కాదు. వాళ్ళు సరిగ్గానే చెప్పారు. క్యారేజీలో పెట్టుకొచ్చి మరీ చెప్పారు. రాసినవాళ్ళు నవ్వులాటగా రాశారు. ఆ రాసినవాళ్ళ పేరు తాయారమ్మ చెప్పలేదు. కాబట్టి సాక్షిగా చివరి పనిగా నేనే ఇక్కడ రాస్తున్నాను.

పితాని లహరి.